వించ్ తాడు: ముడి ఎందుకు జారింది, అతుకు ఎలా నిలుస్తుంది

అల్లూరి సీతారామరాజు జిల్లాలో, లంబసింగికి కొంత దూరంలో నాలుగు గదుల హోమ్‌స్టే నడుపుకుంటున్న ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దని కోరారు. ఆయన దగ్గర పాత థార్ ఉంది. దాని ముందు బంపరుకు 9,500 పౌండ్ల, అంటే సుమారు 4.3 టన్నుల సామర్థ్యం గల కరెంటు వించ్, అంటే డ్రమ్ము మీదికి తాడు చుట్టుకుంటూ బరువును లాగే యంత్రం, బిగించుకున్నారు. వానాకాలంలో ఊళ్లో ఎవరి బండి బురదలో దిగబడినా పిలుపు ఆయనకే వస్తుంది. రెండేళ్ల కిందట ఇనుప రోప్ తీసేసి 10 మిల్లీమీటర్ల మందం, 25 మీటర్ల పొడవు గల సింథటిక్ తాడు వేయించారు. మెకానిక్ తాడు ఒక్కటే మార్చాడు. రోప్ బయటికి వచ్చే చోట ఉన్న పాత ఇనుప రోలర్లను అలాగే ఉంచేశాడు.

గత ఆగస్టులో ముప్ఫై సిమెంటు బస్తాలతో ఉన్న ఒక పికప్ చక్రాలు మునిగేదాకా బురదలో కూరుకుపోయింది. దాన్ని లాగుతుండగా, కొక్కేనికి ఆరు మీటర్ల ఇవతల తాడు తెగింది. చీకటి పడుతోందన్న తొందరలో ఆయన తెగిన రెండు కొసలనూ ఒక ఉక్కు షాకిల్‌కు, అంటే అడ్డంగా పిన్నుతో మూసే వంపు కొక్కేనికి, ముడివేసి మళ్లీ లాగారు. పికప్ వైపు ముడి జారిపోయింది. తాడుతో పాటు వెనక్కి ఎగిరిన షాకిల్, అక్కడే నిలబడి ఉన్న అన్నగారి కొడుకు మోకాలి పక్కనుంచి దూసుకుపోయి, థార్ ముందు గ్రిల్లును పగలగొట్టింది. ఆ అబ్బాయికి పదిహేడేళ్లు. ఆ రోజు నుంచి అన్నగారు కొడుకును ఆ బండి దగ్గరికి పంపడం లేదు. "ప్లాస్టిక్ తాళ్లు నమ్మకు. ఇనుపదే మళ్లీ వేయించు, లేదా ఆ వించి అమ్మేయ్" అంటున్నారు. ఈయన మాత్రం వీడియోలు చూసి తాడును స్ప్లైస్ చేయడం, అంటే ముడి లేకుండా తాడులోకే తాడును దూర్చి అతకడం, నేర్చుకునే ప్రయత్నంలో ఉన్నారు. మూడుసార్లు చేశారు. తాడు కొసను ఒకదానిలో ఒకటి దూర్చి మెలివేసే తాళం కూడా వేశారు, తరువాత 20 సెంటీమీటర్లు లోపలికి దూర్చారు. చేత్తో లాగితే నిలిచింది కానీ బండితో లాగే ధైర్యం చాలలేదు. ఆయన చివర రాసిన మాటలు ఇవి: "అబ్బాయేమో 'బాబాయ్, ఈసారి నేను అతుకుతాను' అంటాడు. నా చేత్తో అతికిన తాడును నేను నమ్మవచ్చా? నమ్మమని మా అన్నకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?"

మీ ఉత్తరంలో మూడు సంగతులు ఒకే తాడులోని పేటల్లా పేనుకుపోయాయి. తాడు ఎందుకు తెగింది, ముడి ఎందుకు జారింది, అబ్బాయి అక్కడ ఎందుకు నిలబడ్డాడు అన్నవి మూడు వేరువేరు ప్రశ్నలు. మీ అన్నగారు మూడింటికీ కలిపి "ప్లాస్టిక్ తాడు" అని ఒకే జవాబు చెప్పుకున్నారు. కొడుకు కాలు పోయేదన్న భయంలో ఉన్న తండ్రి అలా అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. మీరూ దాదాపు అదే జవాబుకు వచ్చి, దానికి విరుగుడుగా అతకడం నేర్చుకుంటున్నారు. ఈ పేటలను విడదీసి చూస్తే తప్ప, మీరు చేయబోయే అతుకు ఎంత చక్కగా వచ్చినా మళ్లీ అదే చోటికి వచ్చి నిలబడతారు.

మొదట తాడు తెగిన సంగతి. మీ తాడు పన్నెండు పేటలతో, లోపల బోలుగా, జడలా అల్లినది. దాని పీచు పాలిథిన్ జాతిదే. మనం కూరగాయలు తెచ్చుకునే సంచికీ దానికీ మూలపదార్థం ఒకటే. అణువుల గొలుసులు ఎన్నో రెట్లు పొడవుగా, అన్నీ ఒకే దిశలో సర్దుకుని ఉండటం వల్ల దీనికి అంత బలం వచ్చింది. డైనీమా, స్పెక్ట్రా అన్న పేర్లతో అమ్మేది ఈ పీచునే. మంచి తయారీదారు చేసిన 10 మిల్లీమీటర్ల తాడు తెగడానికి సుమారు 8 టన్నుల లాగుడు కావాలి. అదే మందం ఇనుప రోప్ 6, 7 టన్నుల దగ్గర తెగుతుంది. 25 మీటర్ల ఇనుప రోప్ పది కిలోల దాకా బరువుంటే, మీ తాడు ఒకటిన్నర కిలో కూడా తూగదు. కాబట్టి బలం తక్కువై అది తెగలేదు. ఆ పీచుకు ప్రాణాంతకమైనవి రెండు ఉన్నాయి: పదునైన అంచు, వేడి. ఏళ్ల తరబడి ఇనుప రోప్ రాసుకున్న రోలర్ల మీద సన్నని గాట్లు పడతాయి, ఆ గాట్ల అంచులు లేచి ఉంటాయి. మీ అరచేతిని ఆ రోలర్ల మీద నెమ్మదిగా రాసి చూడండి. గరుకుగా తగిలిందా, మీ తాడును కోసిన కత్తి మీకు దొరికినట్టే. రోలర్ల మూలల్లో ఒకదానికొకటి కలిసే సందు కూడా చూడండి. పక్కవాటంగా లాగినప్పుడు తాడు ఆ సందులో ఇరుక్కుని నలుగుతుంది.

అందుకని మీరు ఏ దారి ఎంచుకున్నా, సింథటిక్ తాడుతోనే ఉండదలిస్తే, ఆ రోలర్లు దిగిపోవాలి. వాటి స్థానంలో అంచులు గుండ్రంగా, నున్నగా తీర్చిన ఒకే పలక బిగిస్తారు. దాన్ని హాస్ ఫెయిర్‌లీడ్ అంటారు, సాధారణంగా అల్యూమినియంతో చేస్తారు. ఇది మార్చకుండా అతుకు గురించి మాట్లాడుకోవడం, చిల్లున్న కుండకు కొత్త మూత వెతకడమే. రేపు మీరు మనసు మార్చుకుని ఇనుప రోప్‌కే వెళ్తే మాత్రం ఈ అల్యూమినియం పలక పనికిరాదు; ఇనుము దాన్ని నాలుగు రోజుల్లో గాట్లు పెట్టేస్తుంది.

ఇక ముడి. కొబ్బరి పీచు తాడుకో, నూలు తాడుకో ముడి నిలుస్తుందంటే దాని నూగు ఒకదాన్నొకటి పట్టుకుంటుంది కనుక. ఈ పీచు మైనం రాసినట్టు జారుతుంది. నూతి దగ్గర చేంతాడుకు వేసినా, గేదె పలుపుకు వేసినా తరతరాలుగా నిలిచిన ముళ్లు దీని మీద బరువు పడగానే నెమ్మదిగా పాకి విడిపోతాయి. జారని ముడి వేసినా ఇంకో నష్టం ఉంది. ముడిలో తాడు చిన్న వంపు తిరిగిన చోట బయటి పేటల మీదే భారం పడి, తాడు బలం సగానికో అంతకన్నా తక్కువకో దిగిపోతుంది. లెక్క మీరే చూడండి: 8 టన్నుల తాడులో సగం 4 టన్నులు, మీ వించ్ లాగగలిగేది 4.3 టన్నులు. అంటే ముడి వేసిన క్షణం నుంచీ ఆ బండిలో అన్నిటికన్నా బలహీనమైన వస్తువు ఆ ముడే. చక్రాలు మునిగేదాకా బురదలో దిగిన బండిని కదిలించడానికి దాదాపు దాని బరువంత లాగుడు కావాలని ఈ పనిలో ఉన్నవాళ్లు లెక్క వేసుకుంటారు. ఒకటిన్నర టన్నుల సిమెంటుతో ఆ పికప్ మూడు టన్నులు దాటి ఉంటుంది. ముడి జారడం దురదృష్టం వల్ల జరగలేదు, లెక్క ప్రకారమే జరిగింది.

మూడో పేట, ఆ అబ్బాయి. తాడు తెగినా పెద్దగా ఎగరదని, ఇనుప రోప్ లాగా కొరడా అయి కొట్టదని మీరు విని ఉంటారు. అందులో నిజముంది. ఈ తాడు చాలా తక్కువ సాగుతుంది, తేలిక, కాబట్టి తెగినప్పుడు దానిలో మిగిలి ఉండే శక్తి తక్కువ. కానీ మీరు దాని కొసన ఉక్కు షాకిల్ కట్టారు. తాడు తనంత తాను చేయలేని హానిని ఆ ముక్క చేయగలదు. ఆ సాయంత్రం అబ్బాయి మోకాలి పక్కనుంచి పోయింది మీరు కలిపిన ఇనుమే. ఈ మాట మిమ్మల్ని నొప్పించడానికి రాయడం లేదు. మీ అన్నగారితో మాట్లాడేటప్పుడు మీరు మొదట చెప్పవలసింది ఇదే కనుక రాస్తున్నాను.

ఇప్పుడు మీరు అడిగిన అతుకు సంగతికి వస్తాను. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే మీ మూడు ప్రయత్నాల్లోనూ ఒకే పొరపాటు ఉంది. అది చేతి పొరపాటు కాదు. అతుకును ఏది పట్టి ఉంచుతుందన్న అవగాహనలో ఉంది.

తడి చీరను ఇద్దరు చెరో కొస పట్టుకుని గట్టిగా లాగితే అది సన్నబడి బిగుసుకుంటుంది చూడండి. బోలుగా అల్లిన తాడూ అంతే. లాగేకొద్దీ దాని లోపలి ఖాళీ మూసుకుపోయి, లోపల ఏది ఉంటే దాన్ని నొక్కి పట్టుకుంటుంది. తాడు కొసను మడిచి అదే తాడు కడుపులోకి దూర్చినప్పుడు, బయట లాగుడు పెరిగినంతా లోపలి కొస మీద పట్టు పెరుగుతుంది. అందుకే అతుకు తాడు బలాన్ని దాదాపు పూర్తిగా, పదింట తొమ్మిది వంతులకు తగ్గకుండా నిలుపుతుంది. కానీ పీచు జారుడు గుణం ఇక్కడా పోదు. ప్రతి సెంటీమీటరూ కొద్దిగానే పట్టుకుంటుంది, కనుక చాలా సెంటీమీటర్లు కావాలి. ఈ రకం తాడుకు పాటించే కొలత, లోపలికి దూర్చిన భాగం తాడు మందానికి 72 రెట్లు ఉండాలన్నది. మీ 10 మిల్లీమీటర్ల తాడుకు అది 72 సెంటీమీటర్లు. మీరు దూర్చింది 20. కావలసినదాంట్లో మూడో వంతు కూడా లేదు.

మీరు దాని బదులు నమ్ముకున్నది మెలివేసిన తాళాన్ని. తాడు కొసను తాడులోంచి, మళ్లీ తాడును కొసలోంచి దూర్చే ఆ పద్ధతిని బ్రమ్మెల్ అంటారు. చూడటానికి అదే అసలు పట్టు అనిపిస్తుంది, అందువల్లే చాలామంది అక్కడ మోసపోతారు. దాని పని వేరు. బరువు లేనప్పుడు, తాడు వదులుగా డ్రమ్ము మీద అటూ ఇటూ ఊగుతున్నప్పుడు, లోపలి కొస బయటికి జారి రాకుండా కాపాడటమే అది చేసేది. బరువు మోయవలసింది లోపల దాగిన పొడవు. పొడవు చాలకపోతే భారమంతా ఆ మెలిక మీద పడుతుంది. అక్కడ పేటలు ఒకదాన్నొకటి చీల్చుకుని దాటుతున్నాయి కనుక, సరిగ్గా అక్కడే తెగుతుంది. మీకు ధైర్యం చాలకపోవడం మంచిదే అయింది.

కాబట్టి నాలుగోసారి ఇలా చేయండి. తాడును డ్రమ్ము మీది నుంచి మొత్తం విప్పి నేల మీద పరవండి. కొస నుంచి 72 సెంటీమీటర్లు కొలిచి, కొసను సన్నబరచడానికి ఇంకో 15 నుంచి 20 సెంటీమీటర్లు అదనంగా కలుపుకుని, అక్కడ మొదటి గుర్తు పెట్టండి. అక్కడి నుంచి కన్ను, అంటే కొసన కొక్కెం తగిలించే ఉచ్చు, చుట్టుకొలత వదిలి రెండో గుర్తు. కన్నులో తాడు అరగకుండా ఉక్కు థింబుల్, అంటే గాడి ఉన్న వంపు రేకు, పెట్టేటట్టయితే, దాన్ని గుర్తుల మధ్య చుట్టి చూసి, అది కదలనంత బిగువుగా కొలత తీసుకోండి. వదులుగా ఉన్న థింబుల్ మొదటి లాగుడులోనే తిరగబడి తాడును కొరుకుతుంది. మెలిక వేయండి. తరువాత కొసను సన్నబరచండి. దీన్ని చాలామంది వదిలేస్తారు. మొద్దుగా కోసిన కొసను అలాగే దూర్చితే, అది ముగిసిన చోట బయటి తాడు ఒక్కసారిగా సన్నబడుతుంది, ఆ మెట్టు దగ్గరే తాడు బలహీనమవుతుంది. అందుకని చివరి 15, 20 సెంటీమీటర్లలో కొంత కొంత దూరానికి ఒక్కొక్క జత పేటలను కత్తిరిస్తూ పోయి, ఎలుక తోకలా సన్నబరచండి. తాడు దూర్చడానికి ఫిడ్ అనే బోలు సూది దొరుకుతుంది. దొరక్కపోతే సన్నని తీగను మడిచి, కొసను దానికి టేపుతో చుట్టి లాగినా పని జరుగుతుంది. దూర్చేముందు బయటి తాడును వెనక్కి నెట్టి గుత్తిగా ఉబ్బించుకోండి. దూర్చాక మెలిక దగ్గర నుంచి ముందుకు, ఆవు పొదుగు పిండినట్టు, పదిసార్లైనా దువ్వండి. లోపల ముడతలు ఒక్కటీ మిగలకూడదు.

ఆ తరువాత గట్టి దారంతో, అదే జాతి పీచు అయితే మరీ మంచిది, మెలికకు దగ్గరగా బయటి తాడునూ లోపలి కొసనూ కలిపి కొన్ని కుట్లు వేయండి. లోపలి కొస ఎక్కడ ముగిసిందో వేళ్లతో తడిమితే తెలుస్తుంది. సరిగ్గా అక్కడ బయట ఒక రంగు దారం కుట్టి ఉంచండి. అది బలానికి కాదు, తరువాత సాక్ష్యానికి.

మన చేపల పడవల మీద నైలాన్ తాళ్లను అతికేవాళ్లు పేటలు విప్పి, ఒకదాని కింద ఒకటి దూర్చి అల్లుతారు. పేనిన మూడు పేటల తాడుకు అది చక్కని పద్ధతి. మీకు తెలిసిన వాళ్లెవరైనా "దీనికీ అలాగే అల్లేద్దాం" అంటే ఒప్పుకోకండి. వాళ్ల చేతిలో నైపుణ్యం గొప్పదే, కానీ ఈ పీచు ఆ అల్లికలోంచి జారిపోతుంది.

డ్రమ్ము వైపు కొస గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, పాత స్క్రూ కిందే తాడును బిగించారని. అది తాడును పట్టి ఉంచుతుందని మీరు గానీ మెకానిక్ గానీ అనుకుంటే, ఇంకో ప్రమాదం కాచుకుని ఉన్నట్టే. ఏ వించ్‌లోనైనా ఆ స్క్రూ తాడును చుట్టడం మొదలు పెట్టడానికే. బరువును పట్టేది డ్రమ్ము మీద మిగిలి ఉన్న చుట్ల రాపిడి. ఇనుప రోప్‌కు అయిదు చుట్లు మిగిల్చితే చాలు. జారుడు గుణం వల్ల ఈ తాడుకు కనీసం పది మిగలాలి. మామూలు డ్రమ్ము మీద పది చుట్లంటే రెండు మీటర్లకు కాస్త పైన. పదో చుట్టు దగ్గర తాడుకు ఎర్ర రంగు పూయండి, ఎర్ర రంగు కనిపిస్తే లాగడం ఆపేయాలని నియమం పెట్టుకోండి. తాడు డ్రమ్ము కింది వైపు నుంచి బయటికి రావాలి. తిరగదిప్పి చుట్టితే వించ్ బ్రేకు సరిగా పట్టదు.

కింది పొరను కూడా పరీక్షగా చూడండి. చాలా వించ్‌లలో బ్రేకు డ్రమ్ము లోపలే ఉంటుంది. బరువు వేలాడుతుండగా మోటారుతో తాడు వదిలితే, వాలులో బండిని కిందికి దించినట్టు, ఆ బ్రేకు కాగి డ్రమ్మును వేడెక్కిస్తుంది. ఈ పీచు సుమారు 145 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. 70 డిగ్రీలు దాటినప్పటి నుంచే నీరసిస్తుంది. మీరున్నది ఘాట్ రోడ్ల ప్రాంతం, బండ్లను దించవలసిన సందర్భాలు మీకు వస్తాయి. కింది పొర తాడు గాజులా మెరుస్తూ, గట్టిగా, వంచితే కర్రలా తగిలితే అది లోపల కరిగి అతుక్కుంది, ఆ భాగం తీసేయవలసిందే. పైకి లేచిన సన్నని నూగు చూసి మాత్రం భయపడకండి. కొత్త తాడుకు కొంత నూగు రావడం మామూలే, అదే లోపలి పేటలను కాపాడుతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు. తెగినచోట రెండు ముక్కలనూ కలిపి అతకవచ్చు. అప్పుడు ఒక్కొక్క కొస రెండో ముక్కలోకి 72 సెంటీమీటర్లకు తగ్గకుండా పోవాలి, మొత్తం అతుకు దాదాపు ఒకటిన్నర మీటర్లు ఉంటుంది, ఆ మేర తాడు లావెక్కుతుంది. పాడైన భాగం కోసేయడంతో కలుపుకుంటే మీకు 23 మీటర్ల లోపు మిగులుతుంది. పొడవు కాపాడుకోవచ్చు కానీ, కొత్తగా నేర్చుకుంటున్న చేతికి ఇది రెండు అతుకుల పని, లావైన ఆ భాగం డ్రమ్ము మీద సమంగా పడుకోదు. ఇది నాకు నచ్చిన దారి కాదు.

ఆరు మీటర్ల ముక్కను వదులుకుని, మిగిలిన దానికి కొత్త కన్ను అతకడం రెండోది. సుమారు 18 మీటర్లు మిగులుతాయి, డ్రమ్ము మీద ఉండవలసిన చుట్లు పోను 15 మీటర్లకు పైగా చేతికొస్తుంది. అడవి దారిలో అంతకన్నా దూరం కావలసిన రోజులు కొన్ని ఉంటాయి, అప్పుడు విడిగా ఒక పొడిగింపు తాడు కావాలి. కానీ ఒకే అతుకు, అది ఎప్పుడూ కళ్లెదుట ఉండే కొసన. తక్కువ పొరలు చుట్టినందువల్ల వించ్ బలం కూడా కొంత పెరుగుతుంది. వించ్ మీద రాసిన సామర్థ్యం మొదటి పొరకే, పైపొరలకు పోయేకొద్దీ తగ్గుతుంది. మిగిలిన తాడు అంతటా పరీక్షించాక బాగుందనిపిస్తే, మీ స్థితిలో నేను ఈ దారినే పోతాను. వదిలేసిన ఆరు మీటర్లు పారేయకండి. గాటు పడని భాగం మీద అతుకు సాధన చేయండి. మూడుసార్లు దూర్చి, మూడుసార్లు విప్పి, లోపల కొస ఎలా పడుకుందో చూస్తే, వీడియోలలో దొరకని విషయం వేళ్లకు దొరుకుతుంది.

పూర్తిగా కొత్త తాడు కొనడం ఖర్చుతో కూడినది, కానీ పాతదాని కింది పొర వేడికి దెబ్బతిని ఉంటే వేరే మార్గం లేదు. కొన్నప్పుడు తయారీదారు తెగే బలాన్ని రాతపూర్వకంగా ఇచ్చినదే తీసుకోండి. అలా ఇవ్వని చవక తాడు ఎన్ని టన్నులదో లెక్క వేసుకోలేరు, నేను పైన చెప్పిన అంకెలేవీ దానికి వర్తించవు. అతుకు మీ చేత్తో వద్దనుకుంటే, కన్ను కట్టి అమ్మే తాళ్లు ఉన్నాయి. విశాఖ ఓడరేవు పరిసరాల్లో ఓడల తాళ్లకు పనిచేసే రిగ్గర్లను అడిగి చూడవచ్చు. మీరు అడగవలసిన ప్రశ్న ఒకటే: "పన్నెండు పేటల బోలు తాడుకు ఎంత పొడవు లోపలికి దూరుస్తారు?" జవాబు 72 రెట్లకు దగ్గరగా వస్తే ఆ చేయి తెలిసిన చేయి.

మీ అన్నగారు చెప్పిన దారి, ఇనుప రోప్, తీసిపారేయదగ్గది కాదు. అది వేడికి భయపడదు, రాళ్ల మీద రాసుకున్నా ఓర్చుకుంటుంది, మీ పాత రోలర్లతోనే పనిచేస్తుంది. కానీ తెగిన తీగల ముళ్లు అరచేతుల్లో దిగుతాయి, మీ మంచు, వాన తడిలో తుప్పు పడుతుంది, తెగితే బరువుగా, దూరంగా కొడుతుంది. అబ్బాయి ప్రాణం కోసమే ఆయన ఈ దారి చెబుతున్నారు గనుక ఈ చివరి మాట ఆయనకు తెలియాలి: అదే రోజు, అదే చోట, అదే మనిషి నిలబడి ఉండగా ఇనుప రోప్ తెగి ఉంటే దెబ్బ ఇంకా బరువైనదై ఉండేది.

దీని పక్కనే ఇంకో మాట. మీరు ఏ తాడు వాడినా ఒక కప్పీ కొనుక్కోండి. బురదలో దిగబడిన బండి దగ్గర కప్పీ పెట్టి తాడును మళ్లించి తెచ్చి మీ బండికే కట్టుకుంటే, తాడు మీద పడే భారం దాదాపు సగానికి దిగుతుంది. వేగమూ, దూరమూ సగమవుతాయి. 18 మీటర్ల తాడుకు ఏడెనిమిది మీటర్ల దూరమే అందుతుంది. కానీ బురదలో మునిగిన పికప్ లాంటి వాటికి అది తొందర లేని, భద్రమైన లాగుడు. కప్పీ గాడి ఇనుప రోప్ ఎన్నడూ తగలనిది, నున్నటిది అయి ఉండాలి.

అబ్బాయి విషయం. అతకడం వాడికి నేర్పవద్దని నేను అనను. పైగా వాడి చేత మొదట సాఫ్ట్ షాకిల్ చేయించండి. అది ఇదే తాడు ముక్కతో అల్లే కన్ను, ఒక కొసన గుండీ లాంటి ముడి. ఇంతవరకు ముడులు నమ్మవద్దన్నాను కనుక ఒక వివరణ: అక్కడ ముడి తాడును తాడుతో కలపడం లేదు, కన్నులోంచి జారిపోకుండా అడ్డంగా నిలుస్తోంది, అందుకే నిలుస్తుంది. అది వస్తే మీ లాగుడులోంచి ఉక్కు షాకిల్ తప్పుకుంటుంది. ఆ సాయంత్రం ఎగిరింది ఏదో, దాని బదులు వాడు తన చేత్తో చేసినది వస్తుంది. కానీ అతకడం ఒకటి, లాగేటప్పుడు దగ్గర ఉండటం వేరొకటి. ఈ రెండింటినీ మీరు విడదీసి చెబితేనే మీ అన్నగారు వింటారు. లాగేటప్పుడు రిమోట్ పట్టుకున్న ఒక్క మనిషి తప్ప మరెవరూ తాడు పొడవుకన్నా దగ్గరగా ఉండకూడదు, ఎవరూ తాడు వరుసలో నిలబడకూడదు, బిగిసిన తాడును దాటకూడదు, తాడు మధ్యలో బరువైన దుప్పటో, తడి గోనె సంచో వేయాలి. రిమోట్ మనిషి కూడా తెరిచిన కారు తలుపు వెనకో, బండి లోపలో ఉండాలి. ఈ నియమాలకు వాడు పద్దెనిమిదేళ్లు నిండేదాకా లాగుడు చోటుకు రాకూడదన్న నియమం కూడా కలుపుకుంటే తప్పు లేదు. అప్పుడు మీకు ఒక చేయి తక్కువవుతుంది, మీ అన్నగారికి రాత్రి నిద్ర పడుతుంది. ఏది ముందు కావాలో మీరే నిర్ణయించుకోవాలి.

మీ ప్రశ్నకు, మీ చేత్తో అతికిన తాడును నమ్మవచ్చా అన్నదానికి, నేను ఇవ్వగలిగిన జవాబు ఒక్కటే: చేతిని నమ్మకండి, కొలతను నమ్మండి, ఆ కొలతను లాగుడుతో రుజువు చేసుకోండి. మీ హోమ్‌స్టే పక్కనే బలమైన చెట్టు ఉంటే దాని చుట్టూ వెడల్పాటి బెల్టు వేయండి. తాడును చెట్టుకు చుట్టవద్దు. థార్‌ను చెట్టు నుంచి కిందికి దిగే వాలులో నిలిపి, గేర్ న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, వించ్‌తో నెమ్మదిగా లాగండి. మొదట తాడు బిగుసుకున్న దాకే. ఆపి, వదులు చేసి, రంగు దారం కింద లోపలి కొస ఇంకా ఉందా తడిమి చూడండి. మొదటిసారి అల్లిక సర్దుకుంటుంది, కొద్దిగా జరగవచ్చు. మళ్లీ ఇంకొంచెం ఎక్కువగా లాగి చూడండి, మళ్లీ, మళ్లీ. రెండో లాగుడు తరువాత కొస అక్కడే నిలిచిపోతే అతుకు కూర్చున్నట్టు. ప్రతిసారీ జరుగుతూనే ఉంటే, మొహమాటం లేకుండా కోసి మళ్లీ చేయండి. అదే లాగుడులో తాడును బిగువుగా డ్రమ్ము మీదికి చుట్టండి. వదులుగా చుట్టిన తాడు తరువాత బరువు పడినప్పుడు కింది పొరల మధ్యలోకి దిగి ఇరుక్కుపోతుంది.

ఆ పరీక్షకు మీ అన్నగారిని పిలవండి. ముందే సర్దిచెప్పాలని చూడకండి. ఆ రోజు ముడి వేసింది నేను, షాకిల్ కట్టింది నేను, అబ్బాయిని అక్కడి నుంచి జరగమనకపోయిందీ నేనే అని మొదట చెప్పండి. ఆయన ఎదురుచూస్తున్నది తాడు గురించిన వాదన కాదని నాకు అనిపిస్తోంది. తరువాత ఆయనను తాడు పొడవుకన్నా దూరంగా నిలబెట్టి, మీరు లాగి ఆపి వదులు చేసిన ప్రతిసారీ రంగు దారాన్ని ఆయన చేతనే తడిమించండి. అప్పటికీ వద్దంటే, ఆయన కొడుకు విషయంలో ఆ మాట ఆయనదే. మీ బండి విషయంలో మీది.

రోలర్లు దింపాక వాటి మీద ఎన్ని గాట్లు ఉన్నాయో, పరీక్షలో రంగు దారం నుంచి కొస ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో నాకు రాయండి. అంకెలతో రాయండి.